ఎండ కాల్చిన అట్టలు

మా అబ్జర్వర్ చాచా పోయారని మొన్న శుక్రవారం కోయిలకుంట్ల నుంచి ఆయన కూతురు ఫోన్ చేసింది. వ్యవసాయ క్షేత్రంలో ఎండావానల లెక్కలు రాసే ఉద్యోగం ఆయనది. నేను ఆయన కిందే పని నేర్చుకున్నాను.

అక్కడ ఒక గాజు గోళం ఉండేది. ఎండ కాసినంతసేపూ దాని వెనకున్న అట్ట మీద సన్నగా ఒక గీత కాలుతుంది. మబ్బు అడ్డొస్తే ఆ గీత తెగుతుంది. పొద్దు గూకాక చాచా అట్ట తీసి, మబ్బు పలచని పొరగా ఉండిందో, విడివిడి ముద్దలుగా ఉండిందో వెనకవైపు పెన్సిలుతో రాసేవారు. రిజిస్టరుకు అవేవీ అక్కర్లేదు. ఆకాశంలో మబ్బు ఎంత భాగమో రాస్తే చాలు. ఆయన మాత్రం రంజాన్ నెలలో రోజా ఉన్న రోజుల్లోనూ మిట్టమధ్యాహ్నం చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూస్తూ నిలబడేవారు.

ఎందుకింత శ్రమ అని ఒకసారి అడిగాను. మబ్బులో నీరు అంతే ఉన్నా, అది ఆకాశమంతా పలచగా పరుచుకుంటే ఎండ ఎక్కువగా పైకే తిరిగిపోతుందనీ, ముద్దలు కడితే సందుల్లోంచి నేలకు దిగుతుందనీ ఓపిగ్గా చెప్పారు.

"మబ్బు ఎంతుండాదని కాదప్పా, ఎట్లుండాదో సూడల్ల. సగటు తీస్తే సందులు పోతాయి."

చేను మీద నీడ పడితే నేను ఈనాటికీ తలెత్తి చూసేది ఆయన వల్లే.

ఆయన రిటైరయ్యాక యంత్రం పెట్టారు. అది గంటకొక సగటు పంపుతుంది. బీరువాల నిండా దాచిన ఆ పాత అట్టలు ఎవరికైనా పనికొస్తాయని చాచా రెండు కాలేజీలకు ఉత్తరాలు రాశారు. జవాబు రాలేదు. ఇంతలో అట్టలున్న గది ఖాళీ చేయమని ఆర్డరు వచ్చింది. ఒక్క వారం ఆపితే తనే వచ్చి అట్టలను ఇంటికి తీసుకుపోతానన్నారు చాచా. సరేనన్నాను. నాలుగో రోజు అధికారి గద్దించేసరికి, నేనే దగ్గరుండి బస్తాలకెత్తించి పాత కాగితాల బండికి వేయించాను. ఆయనకు చెప్పే ధైర్యం లేకపోయింది.

అన్నట్టే వారానికి చాచా ఆటో తీసుకుని వచ్చారు. ఖాళీ బీరువాలు చూశారు.

"ఒక మాట చెప్పింటే అప్పుడే వచ్చింటి గదప్పా."

అంతే. తర్వాత ఎప్పుడు వెళ్లినా టీ ఇప్పించేవారు, పిల్లల చదువుల గురించి అడిగేవారు. మబ్బుల ఊసు మాత్రం మళ్లీ ఎత్తలేదు. క్షమించమని అడగాలనుకుంటూనే ఏళ్లు గడిపేశాను. ఇక అడిగేందుకు ఆయన లేరు, ఎవరికైనా చూపించడానికి ఒక్క అట్టయినా లేదు.

చాచా సమాధిలో మట్టి వేసి బస్సులో కర్నూలుకు తిరిగి వస్తుంటే దారి పక్కన సోలార్ పలకల వరుసలు కనిపించాయి. వాటి మీదుగా ఒక మబ్బు నీడ సాగిపోతోంది. కొన్ని వరుసలు నల్లబడ్డాయి, పక్కవి కళ్లు చెదిరేలా మెరిశాయి. ఎండ కొడుతోందని ముందు సీటాయన షట్టరు దించేశాడు.