బాలస్వామి కట్టిన ముడులు

నాగర్‌కర్నూల్ బస్టాండుల పొద్దుగాల ఏడుంబావుకు వనపర్తి బస్సెక్కిన. అరవై రూపాయల టికెట్. ఒళ్లె అట్టపెట్టె, పెట్టెల మూరెడు పొడుగు తెరచాప ఓడ. బరువేం లేదు గని, గుంత వచ్చినప్పుడల్ల నా పానం లేచి కూసుంటుండె.

నాది ఫొటో ఫ్రేముల దుకాణం. మిగిలిన టేకు పట్టీలు పారెయ్య మనసొప్పక ఓడలు చేసుడు మొదలువెట్టిన. తోడు బాలస్వామి. కండక్టర్‌గ చేసి రిటైరయ్యి వనపర్తిల ఉంటడు. చెక్క పని నాది, తాళ్ల పని వానిది. ఈ ఓడకు మూడు తెరచాప కొయ్యలు. వాటి మీద ముడులన్ని వాడే కట్టిండు, ఆవగింజలంత సన్నగ. కట్టుడు అయిన నెలకు పక్షవాతం వచ్చి వాని కుడిచెయ్యి పడిపోయింది.

ఇగ తప్పు నాది. నూలుదారానికి నూగు లేస్తున్నదని ముందుగాల్నే గంజిల ముంచిన. "గంజి వద్దురా" అన్నడు బాలస్వామి. నేనింటేనా! వానలు పడంగనే తాళ్లన్ని సడలినయి, గంజి రుచి మరిగి బొద్దింకలు కొరికినయి. తాళ్లు మార్చాల్నంటె ముడులు కొయ్యాలె. కోస్తె మళ్ల వాడు కట్టలేడు. కొయ్యకుంట ఎట్లన్న అయితదా అని గద్వాల నేతోళ్లను అడుగుదామని బయల్దేరిన.

ఎనిమిదిన్నరకు వనపర్తి. బస్టాండు ముంగట ఇడ్లీ తిన్న, నలభై రూపాయలు. బాలస్వామి ఇల్లు ఆడికెల్లి పది నిమిషాల నడక. పోలె. ఏ మొకం పెట్టుకొని పోత?

తొమ్మిది దాటినంక గద్వాల బస్సు దొరికింది. పక్కసీట్ల వీపనగండ్ల ఆమె, మిరపకాయల సంచితోని. ఆడోళ్లకు బస్సు ఫ్రీ గదా, ఆమెది జీరో టికెట్, నాది తొంభై. పెట్టె మూత జర లేపి సూసింది.

"గిది నీళ్లల్ల పోతదా అన్నా?"

"పోదమ్మా, మునుగుతది."

"మరెందుకు చేసినవ్?"

బీచుపల్లి బ్రిడ్జి మీద కృష్ణ నిండుగ పోతున్నది. "అన్నా, ఒకపారి నీళ్లన్న సూపియ్యి దానికి" అని ఆమెనే పెట్టెను కిటికీకాడికి లేపింది. బస్సుల అందరు నవ్విండ్రు, నేను గుడ నవ్విన.

పదకొండుకు గద్వాల దిగిన. ఆటోకు ముప్పై. నా దుకాణానికొచ్చే గిరాకీ ఒకాయన చెప్పిన ఇల్లది, నేత నేసే తిప్పన్నది. లోపల మగ్గం మీద పచ్చచీర, అంచు పట్టుది. తిప్పన్న మగ్గం దిగి ఓడను అటుఇటు తిప్పి సూసిండు.

"గంజి దారం మగ్గం మీద మంచిదే. అయితె మేము నేసినంక ఉతుకుతం గదా సారూ. నువ్వు గట్లనే ఉంచినవ్. గీడ పట్టుదారం కావాలె, మైనం రాసి."

"ముడులు కొయ్యాల్నా?"

తిప్పన్న భార్య మాణెమ్మ దగ్గరికొచ్చి కూసున్నది. "ఎందుకు కొయ్యాలె? పడుగు అయిపోతె మేము పాతదారాలు పీకుతమా?" అన్నది. మగ్గం మీద నిలువు దారాలు అయిపోవస్తె, కొత్తవాటిని పాతకొసలకు ఒక్కొక్కటే అతుకుతరట. వేల దారాలు! మాణెమ్మ వేళ్లకు బూడిద అద్దుకొని, ఓడ మీది ఒక ముడికాడ గోరంత పాతదారం ఉంచి మిగిలింది కోసి, దానికి పట్టుదారం మెలివెట్టి అతికింది. ముడి కదలలె. నా గుండెల మీదికెల్లి బండ దించినట్టయింది.

ఆమె నాతోని నాలుగు అతికిచ్చింది, నేర్చుకునేదాంక ఇడిసిపెట్టలె. మైనం రాసిన దారం కండె ఇచ్చి పైసలొద్దన్నరు. జొన్నరొట్టె, పుంటికూర గుడ పెట్టిండ్రు. మీరెవరన్న నేతోళ్ల ఇంటికి పోతె పొద్దుగాలనే పోండ్రి. మాపటికి వాళ్ల కండ్లు అలిసిపోతయి.

రెండున్నరకు వనపర్తి దిగి సీద బాలస్వామి ఇంటికే పోయిన. మంచం మీద కూసొని ఉన్నడు. గంజి సంగతి, బొద్దింకల సంగతి, మాణెమ్మ సంగతి అన్ని ఒక్క ఊపిరిల చెప్పిన. "నీ ముడులు ఒక్కటి పోలేదురా" అన్న.

వాడు ఎడమచెయ్యితోని ముడులను తడిమిండు. శాన సేపు తడిమిండు.

"కోసెయ్‌రా."

"ఏందిరా, గవి నీ ముడులు."

"కుడిచెయ్యి కట్టినయి. అది ఇగ రాదని దవాఖానల చెప్పిండ్రు. దాని గుర్తులు సూస్కుంట కూసోమంటవా నన్ను? దారం ఇటియ్యి."

వాని భార్య అనసూయక్కనే కత్తెర తెచ్చి నా చేతుల పెట్టింది. నడిమి కొయ్య మీది ముడి కోసిన. కండ్లల్ల నీళ్లొచ్చినయి, దాసుకోలె. బాలస్వామి దారం ఒక కొస పండ్లతోని పట్టి, రెండో కొస ఎడమచెయ్యితోని తిప్పిండు. జారింది. మళ్ల జారింది. అక్క ఓడను పట్టుకొని ఉన్నది. ఐదోపారికి పడింది ముడి. శెనగ్గింజంత లావు, వంకర.

"మూడు కొయ్యలకు నాకు ఎండకాలం దాంక పడుతది. ఓడ ఈడనే ఉండనియ్యి" అన్నడు.

ఐదున్నర బస్సుల ఒట్టిచేతులతోని కూసున్న. బిజినేపల్లి దాటేదాంక మనసు మనసుల లేదు. వానికి చెయ్యి పడిపోయినకాడికెల్లి నెలనెల పోయి పండ్లు ఇచ్చి, మంచి చెడ్డ మాట్లాడి వస్తున్న. ఒక్కనాడన్న వాని చేతికి పని ఇయ్యలె. నాకు శాన సిగ్గయింది.