గీజర్ వైరుకు జరీ అంచు

కరెంటు వైరుకు చీర కట్టిన మగవాణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, అది నేనే. ఆ చీర ఎలా కరిగిందో, దాంతో పాటు నా పరువు ఎలా కరిగిందో, మా అత్త ముందు ఎలా నీళ్లు నమిలానో ఏమీ దాచకుండా చెబుతాను. మీరు నవ్వుతారని తెలుసు. నవ్వండి, పర్వాలేదు. మా బిల్డింగులో వాళ్లంతా ఎప్పుడో నవ్వేశారు.

మాది సిరిసిల్ల వైపు. మా నాన్న కాలంలోనే సూరత్ వచ్చి ఉధ్నాలో ఉండిపోయాం. నేను సాంచెల మీద పని చేస్తాను. సాంచె అంటే కరెంటుతో నడిచే మగ్గం. కింద కార్ఖానా, పైన మా అద్దె గది. కాబట్టి మేము లేచేదీ పడుకునేదీ ఆ చప్పుడులోనే.

పెళ్లయ్యాక నా భార్య సుజాత తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లింది. ఆడపిల్ల పుట్టింది. పిల్లను వీడియో కాల్‌లో చూసుకుంటూ నెలలు గడిపాను. ముద్దులు పెట్టీ పెట్టీ ఫోను తెర మసకబారింది గానీ పిల్ల మాత్రం ఇల్లు చేరలేదు. నిజం చెప్పొద్దూ, పని దిగి వచ్చి ఆ ఖాళీ గది తాళం తీసేటప్పుడు నాకు ఏడుపొచ్చేది.

పంపమని అడిగితే అత్త ఒకటే మాట అనేది. చలికాలం వస్తోంది, బాలింతకూ పసిపిల్లకూ పొద్దూ మాపూ వేడినీళ్లు కావాలి, మీ గదిలో ఉన్న ఒక్క పొయ్యి మీద అన్నం వండుతుందా, నీళ్లు కాస్తుందా అని. చివరికి ఒకరోజు షరతు పెట్టేసింది.

"గీజర్ వెట్టియ్యి అల్లుడా. నేనే తోల్కొచ్చి సూస్త. మంచిగుంటె ఇడిసిపెట్టి పోత. లేకుంటె పిల్లను, తల్లిని మల్ల ఎంబడి తీస్కపోత."

అంటే పరీక్ష పెట్టిందన్నమాట. తప్పితే భార్యా లేదు, బిడ్డా లేదు.

సూరత్‌లోనే ఆల్థాన్ వైపు ఎవరో ఫ్లాటు మారుతూ పాత గీజర్ అమ్ముతున్నారంటే ఆటోలో వేసుకుని తెచ్చాను. ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే దారి పొడుగునా పసిబిడ్డను ఎత్తుకున్నట్టే అనిపించింది. గీజర్ బాగానే ఉంది. కానీ దాని వైరు వాళ్లే కోసేసుకున్నారు. ప్లగ్గేమో గదిలో ఉంది, గీజర్ పెట్టాల్సిన గోడేమో స్నానాల గదిలో. మధ్యలో వైరు వేడి నీళ్ల గొట్టాన్ని ఆనుకునే రావాలి. వేరే దారి నాకు కనబడలేదు.

ఉధ్నాలోనే ఎలక్ట్రిక్ సామాన్ల దుకాణానికి వెళ్లాను. దుకాణందారు గుజరాతీ ఆయన, పెద్ద మనిషి. ఫ్యాన్లకూ బల్బులకూ వేసే మామూలు ప్లాస్టిక్ తొడుగు వైరు ఇమ్మన్నాను. దేనికని అడిగాడు. చెప్పాను. ఆయన ఆ చుట్టను పక్కకు నెట్టేసి, "గరమ్ జగ్యామా ఆ న చాలె" అన్నాడు. వేడి తగిలే చోట ఇది పనికిరాదని. ఇంకో చుట్ట తీశాడు. లావుగా ఉంది, పైన తెల్లటి దారంతో అల్లిన తొడుగు ఉంది. ధర విన్నాక గుండె ఒకసారి ఆగి మళ్లీ కొట్టుకుంది.

సరే అని అదే తెచ్చుకుని ఉంటే ఇవాళ మీకు చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు. కానీ నేను నేతగాణ్ణి కదా! ఆ తొడుగును వేళ్ల మధ్య నలిపి చూశాను. వెనక్కి తిప్పి చూశాను. పోగులు లెక్కపెట్టబోయాను కూడా. చూస్తే ఏముంది, అల్లిక. వట్టి దారాల అల్లిక. దానికా ఇంత ధర? పైగా ఇస్త్రీ పెట్టె వైరు గుర్తొచ్చింది. దానికీ పైన బట్టే కదా ఉంటుంది! అంటే వేడికి తట్టుకునేది ఆ బట్టే. బట్ట నేసేది మేమే. మా చేతి గుడ్డను మాకే అమ్మజూస్తున్నాడని నాకు భలే కోపం వచ్చింది.

"సేఠ్, నాకే బట్ట అమ్ముతవా? గా సాదా వైరే ఇయ్యి, దానికి తొడుగు నేనేస్కుంట" అన్నాను. ఆయన వద్దని రెండు మూడు రకాలుగా చెప్పాడు. నేను వినలేదు. ఎందుకు వింటాను, ఆయనకు వైర్లు తెలుసు గానీ నేత తెలియదు కదా.

ఆ వారం కరెంటు సెలవు నాడు, సాంచెలు ఆగి ఉండగా, కూర్చున్నాను. కార్ఖానాలో చిందీ, అంటే కత్తిరించి పారేసిన బట్ట పేలికలు, బస్తాలకొద్దీ ఉంటుంది. అందులోంచి మెరిసే జరీ అంచు పేలికలు ఏరి తెచ్చాను. పొద్దున మొదలుపెట్టి పొద్దుగూకేదాకా వైరు చుట్టూ వరుసగా చుట్టి, సూదీదారంతో కుట్టాను. వేడి ఎక్కువ తగులుతుందని గొట్టం దగ్గర రెండు పొరలు వేశాను. అక్కడితో ఊరుకోకుండా, కదలకూడదని గొట్టానికే కలిపి గట్టిగా కట్టేశాను. పూర్తయ్యాక దూరం నుంచి చూస్తే స్నానాల గదిలో పెళ్లికూతురు నిలబడ్డట్టుంది.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే నా తెలివి ఎంతటిదో మీకు పూర్తిగా తెలియదు. మేము పోగు ఏ రకమో తేల్చుకోవడానికి కొసకు అగ్గిపుల్ల అంటిస్తాం. పత్తి అయితే బూడిదవుతుంది. పాలిస్టర్ అయితే కరిగి, ముడుచుకుని, నల్లటి పూసలా అవుతుంది. ఆ పని నేను రోజూ చేస్తాను. ఆ జరీ అంచు కూడా నిఖార్సయిన పాలిస్టరే. అయినా ఆ రెండు విషయాలూ నా బుర్రలో ఒకదాన్నొకటి కలుసుకోలేదు.

అత్త వచ్చింది. సుజాత వచ్చింది. పిల్ల వచ్చింది. పిల్లను ఎత్తుకోగానే నా చొక్కా మీద పాలు కక్కింది, నాకు స్వర్గం కనబడింది. అత్త మాత్రం చెప్పులు విడిచి నేరుగా స్నానాల గదిలోకి నడిచింది. పైకీ కిందికీ చూసింది.

"ఏంది అల్లుడా, వైరుకు చీర కట్టినవ్?"

"చీర గాదత్తా, తొడుగు. వేడి ఆగుతది. బయట కొంటె మస్తు ధర. నేనే చేసిన" అన్నాను, ఛాతీ కాస్త ముందుకు పెట్టి. సుజాత నా వైపు అదోలా చూసింది. ఆ చూపుకు అర్థం నాకు తెలుసు గానీ, ఆ రోజు తెలియనట్టే ఉన్నాను.

స్విచ్ వేశాను. ఎర్ర లైటు వెలిగింది. కాసేపటికి నీళ్లు సలసలా వచ్చాయి. అత్త బకెట్లో వేలు పెట్టి తల ఊపింది. నేను గెలిచాననుకున్నాను. పిల్లకు స్నానం చేయించడానికి గదిలో గోలెం పెట్టుకున్నారు, ఇంకో బకెట్ కోసం గీజర్ అలాగే ఉంచాం. అప్పుడు వాసన మొదలైంది.

"ఏందో కమురు వాసనొస్తుంది" అంది సుజాత.

కింద కార్ఖానాలోంచి అన్నాను. తర్వాత పక్కింటి వాళ్ల కూర మాడిందన్నాను. ఆ తర్వాత చెప్పడానికి ఇంకేమీ దొరకలేదు, ఎందుకంటే పొగ మా స్నానాల గదిలోంచే వస్తోంది. సన్నటి వైరు గీజర్ లోడు మోయలేక లోపల కాగుతోంది, వెలుపల గొట్టం కాగుతోంది, ఆ వేడి బయటికి పోకుండా నేను రెండు పొరల జరీ కప్పాను. జ్వరంతో మాడిపోతున్న మనిషికి రగ్గు కప్పి, పొయ్యి పక్కన పడుకోబెట్టడమంటే ఇదే. తళతళలాడే అంచు ముడుచుకుని, చుక్కలు చుక్కలుగా నేల మీద పడసాగింది. టప్పుమని ఒక మెరుపు. బిల్డింగులో కరెంటు మొత్తం పోయింది. కింద సాంచెలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

మా గల్లీలో సాంచెలు ఆగితే ఎవరో పోయారనుకుంటారు. మెట్ల నిండా జనం ఎక్కి వచ్చారు. నేనప్పుడు ఏం చేస్తున్నాననుకున్నారు? బిడ్డను ఎత్తుకుని బయటికి పరిగెత్తానా? లేదు. ఆ పని అత్త చేసింది. నేను నా అంచు పాడవుతోందని చేత్తో లాగబోయాను. కరెంటు పోయింది కాబట్టి బతికాను గానీ, కరిగిన పాలిస్టర్ రెండు వేళ్లకు అంటుకుని ఊడిరాలేదు. వేళ్లు నోట్లో పెట్టుకుని వరండాలోకి వచ్చి నిలబడ్డాను. మా కార్ఖానా యజమాని మాడిన వైరును పట్టుకుని చూసి, ఈ డిజైన్ ఎవరిదని అడిగాడు. అందరూ నా వైపు చూపించారు.

సుజాత పిల్లను గుండెకు హత్తుకుని తల దించుకుంది.   అత్త ఫోను తీసి మామకు కలిపింది.  ఇంకేముంది, రేపు బండి ఎక్కిస్తుంది, మళ్లీ ఆ ఖాళీ గది, ఆ ఫోను తెర. నోరు తెరిచి బతిమాలుదామంటే వేళ్ల మంటకు మాట రావడం లేదు.

"ఆఁ, నేనే" అంది అత్త ఫోనులో. "పిల్లను గిక్కడ్నే ఉంచుతున్న. తండ్రిని ఇడిసి ఎన్నొద్దులుంటది? గని నేను ఇప్పట్ల రాను. పసిపిల్లదేముంది, సుజాత సూస్కుంటది. ఈ పిలగానికే ఒక మనిషి కావలుండాలె."

అలా నా భార్య వచ్చింది, బిడ్డ వచ్చింది, వాళ్లతో పాటు అత్త కూడా ఉండిపోయింది. మర్నాడే ఆమె నన్ను వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్లి ఆ తెల్ల తొడుగు వైరే కొనిపించింది. అది గాజు నుంచి తీసిన పోగట, వేడికి కాలదట. ఎలక్ట్రీషియన్ వచ్చి గొట్టానికి దూరంగా బిగించాడు. ఈనాటికీ చక్కగా నీళ్లు కాగుతున్నాయి. ఆ వైపు నేను చూస్తే చాలు, అత్త దగ్గుతుంది.

చలికాలం పోయింది, వానలు పోయాయి, ఇంకో చలికాలం వచ్చింది. ఒక పూట ఆలోచించి, స్నానం చేసి, విభూతి పెట్టుకుని, అత్త ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. వేడి తగిలే ఏ చోటికైనా సరే దుకాణందారు ఇచ్చిన వైరే తెస్తానని, దాని మీద సూది గానీ దారం గానీ పెట్టనని, నా పిల్ల మీద ఒట్టు వేసి మరీ ప్రమాణం చేశాను. ఆమెకు నమ్మకం కలిగి, మామ ఒంటరిగా ఉన్నాడన్న సంగతి గుర్తొస్తుందేమోనని చిన్న ఆశ.

అత్త అంతా శ్రద్ధగా విన్నది. పిల్లను ఈ తొడ మీది నుంచి ఆ తొడ మీదికి మార్చుకుంది.

"మంచిగనే జెప్పినవ్ అల్లుడా" అంది. "జర ఇంకో రెండు చలికాలాలు సూద్దాం."