కంపెనీ పేరు మీద కుంకుమ

ఈ ఉదయం వాటర్లూలో, నేను ఆర్డర్ చేసిన చవక క్లోన్ సింథసైజర్ పెట్టె విప్పగానే గుప్పుమన్న ప్లాస్టిక్ వాసనకి నాన్న కీబోర్డు కళ్ళముందుకొచ్చింది.

దసరాకి మా ఇంట్లో కుట్టుమిషనుకీ సైకిలుకీ కూడా బొట్లు పెట్టేవాళ్ళం. పెళ్ళి ఆర్కెస్ట్రాలో వాయించే నాన్న కీబోర్డుకి మాత్రం ఏడాదంతా కుంకుమే, సరిగ్గా కంపెనీ పేరు మీద. అదీ ఇలాగే పెద్ద కంపెనీదానికి నకలే. "తుడవకే" అని అమ్మకి మెల్లగా చెప్పేవాడు. తోటివాళ్ళు భక్తి అనుకునేవారు.

దీని సౌండ్‌కీ ఒరిజినల్‌కీ నాకు తేడా తెలియడం లేదు. కానీ పోయినసారి ఫ్రెండ్సంతా కలిసి వాయించుకున్న జామ్‌లో ఒకరి గిటార్ చూసి "క్లోనా బ్రో?" అని అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సాయంత్రం వాళ్ళంతా మా ఇంటికే వస్తున్నారు.

కుంకుమ భరిణె తీశాను.

"డాడీ, వై ఓన్లీ ఆన్ ద నేమ్?" అంది మా అమ్మాయి.

"దేవుడికమ్మా" అన్నాను.