ముందు నువ్వెక్కు

చాచా దేన్నీ ఊరికే నమ్మేవాడు కాదు. కాళ్లు పడిపోయిన ఆయన్ని మంచం మీది నుంచి చక్రాల కుర్చీలోకి మార్చడానికి నేను రోజూ తుర్కయాంజాల్ నుంచి ఇబ్రహీంపట్నం వెళ్లేవాణ్ని. ఆయన కొడుకు అందుకోసం ఒక యంత్రం తెచ్చాడు. ఒంటి కింద గుడ్డ పరిచి, దాని పట్టీలను కొక్కేనికి తగిలించి, పిడిని పంపులా కొడితే మనిషి మెల్లగా పైకి లేస్తాడు.

మేకల బేరం చేస్తూ ముసలివాడైన చాచా ఆ కొక్కేన్ని చాలాసేపు చూశాడు.

"మేకను గిట్లనే వేలాడదీసి తూకమేస్తం. తూగిన మేక మళ్ల ఇంటికి రాదు. ముందు నువ్వెక్కు."

ఎక్కాను. కొడుకు పిడి కొట్టాడు. చాచా ఒక్కో పట్టీని గుంజి చూసి, నేను క్షేమంగా దిగాకే ఒప్పుకున్నాడు. ఆ తర్వాత రోజూ అదే తంతు. నేను గాల్లో వేలాడందే ఆయన కుర్చీలోకి వచ్చేవాడు కాదు.

ఒకరోజు యంత్రం మొరాయించింది.

"ఫికర్ చెయ్యకు అబ్బాజాన్, నేనెత్తుకుంట" అన్నాడు కొడుకు.

చాచా అతణ్ని ఎగాదిగా చూశాడు. అతని చెయ్యి పట్టుకుని, పట్టీని గుంజినట్టే గట్టిగా గుంజాడు. తర్వాత నా వైపు గడ్డం ఊపాడు.

"ముందు గీయన్నెత్తు. నేను చూస్త."

కొడుకు చొక్కా చేతులు మడిచి నా దగ్గరికి వచ్చాడు.