పెద్దమ్మ వేడిగా తిన్న రోజులు

మా పెద్దమ్మకు బయటి తిండి అంటే మంట. "ఏ నూనెలో వేయించారో, ఏ చేత్తో కలిపారో" అని మొహం చిట్లించేది. స్కూలు యూనిఫాంలు కుట్టే షెడ్డులో పగలంతా కాజాలు కుట్టి వచ్చి, పెద్దనాన్నకూ ఇద్దరు కొడుకులకూ రెండు పూటలా తనే వండిపెట్టేది. ముప్పై ఏళ్ళు అలాగే గడిచాయి.

అలాంటి మనిషి ఒక రోజు షెడ్డు మెట్ల మీద జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. డాక్టరు ఆరు వారాలకు పిండికట్టు వేశాడు.

వాళ్ళ పై అంతస్తులోనే మేముంటాం కాబట్టి మొదటి మూడు రోజులూ మా అమ్మ వండి పంపింది. నాలుగో రోజు అమ్మకు జ్వరం తగిలింది. పెద్ద కొడుకు పొయ్యి దగ్గరికి వెళ్ళి, అడుగున మాడీ పైన పలుకుగా ఉండీ ఎవరూ ముట్టని అన్నం ఒకటి తయారు చేశాడు. పెద్దనాన్న గిన్నె మూత తీసి చూసి, మళ్ళీ పెట్టేసి, "లే, బయట తినొద్దాం" అన్నాడు పెద్దమ్మతో.

పెద్దనాన్న లిఫ్టు మెకానిక్కు. ఊళ్ళో ఏ సందు ఎక్కడ తేలుతుందో ఆయనకు కొట్టిన పిండి. స్కూటరు తిన్నగా తీసుకెళ్ళి బస్సు డిపో వెనక ఒక బండి ముందు ఆపాడు. పాత పాల వ్యానుకు పక్కన కిటికీ కోసి, లోపల పొయ్యి పెట్టుకున్న బండి అది. తలకు గళ్ళ గుడ్డ కట్టుకున్న ఒకావిడ నడుపుతోంది.

ఆవిడ పెద్దనాన్నను చూడగానే, "రండి సార్! ఎప్పటిలాగే రెండు గుడ్లు, మిరియాలు ఎక్కువ, అంతేనా?" అంది.

పెద్దమ్మ స్కూటరు దిగబోతూ ఆగిపోయింది. "ఎప్పటిలాగేనా?"

పెద్దనాన్న హెల్మెట్టు పట్టీతో కుస్తీ పడుతున్నట్టు నటించాడు. చివరికి నిజం చెప్పక తప్పలేదు. తొమ్మిదేళ్ళుగా సాయంత్రం పని కాగానే అక్కడ ఆమ్లెట్టు తిని, ఇంటికొచ్చి మళ్ళీ భోజనానికి కూర్చుంటున్నాడట.

"అందుకా, రెండు ముద్దలకే చాలు చాలంటారు! నా కూరే కుదరలేదేమోనని ఎన్నిసార్లు బెంగపడ్డానో!" అంది పెద్దమ్మ.

బండి ఆవిడ పిండికట్టు చూసింది. ఎవరూ అడగకుండానే ఆమ్లెట్టును చిన్న ముక్కలుగా కోసి, ఎడమ చేతికి చెంచా అందించింది. "నిలబడి తినలేవు అక్కా, ఈ స్టూలు మీద కూర్చో. కాలుతోంది, ఊదుకుని తిను."

పెద్దమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకుని ఆగింది.

"ఏమే, బాగాలేదా?" అన్నాడు పెద్దనాన్న.

"నోరు కాలింది."

"నీళ్ళు తేనా?"

"వద్దు, కాలనివ్వండి."

ఆ సంగతి తర్వాత నాతో చెప్పింది. "నేను వండిందే అయినా, పొగలు కక్కే ముద్ద నా నోట్లోకి ఎప్పుడు పోయిందో గుర్తులేదే అమ్మాయ్. అందరికీ పెట్టి, మారు వడ్డించి, నేను కూర్చునేసరికి గిన్నెలన్నీ చల్లారిపోయి ఉండేవి."

ఆ మర్నాటి నుంచి ప్రతి సాయంత్రం ఇద్దరూ బయటే; కొడుకులకు పొట్లాలు కట్టించుకొచ్చేవాళ్ళు. కోర్టు ఎదుట నాలుగే బల్లలున్న సూపుల గది, మార్కెట్టు చివర చేపలు వేయించే మామాకోడళ్ళ కొట్టు, కాలేజీ గేటు దగ్గర నూడుల్సు బండి. నేనూ రెండు మూడుసార్లు తోడెళ్ళాను. పెద్దమ్మ తీర్పులు వింటుంటే నవ్వాగేది కాదు. "ఈ సూపు చేసినాయన ఎవరితోనో పోట్లాడి వచ్చాడు, ఉప్పు చూడు" అనేది. ఏసీ పెట్టి తెరలు కట్టిన ఒక చోట పాచి వాసన కొట్టిందని చెంచా కింద పెట్టేసి, చెయ్యి కడుక్కుని, లేచి వచ్చేసింది.

ఆరు వారాలయ్యాక కట్టు విప్పారు. "ఇంకేం, ఇంటి భోజనం!" అని పెద్దనాన్న సంబరపడ్డాడు. పెద్దమ్మ మణికట్టు పట్టుకుని, "ఇంకా లాగుతోందండీ" అంది. షెడ్డుకు కూడా సెలవు పొడిగించింది. సాయంత్రాలు యథాప్రకారం సాగాయి.

ఒక రోజు పెద్దనాన్న స్కూటరు నీడలో పెట్టి వచ్చేసరికి, పెద్దమ్మ పాల వ్యాను పక్కన కూర్చుని బండి ఆవిడ చొక్కాకు ఊడిన గుండీ కుడుతోంది. కుడి చేత్తోనే. సూది టకటకా దిగుతోంది. ఆయన చూశాడు.

ఇంటికొచ్చాక అడిగాడు. "చెయ్యి ఎప్పుడు తగ్గింది?"

"పదకొండు రోజులైంది."

"మరి నొప్పన్నావు?"

"లేదంటే మర్నాటి నుంచీ పొయ్యి దగ్గరికేగా."

"అడిగితే తీసుకెళ్ళనా? నాతో అబద్ధమాడాలా?"

"తొమ్మిదేళ్ళు ఎవర్ని అడిగి తిన్నారండీ మీరు? ఒక్క రోజైనా, ఇంటిదాన్ని తీసుకొద్దామని అనిపించలేదా?"

పెద్దనాన్న అలిగి వెళ్ళి పడుకున్నాడు. అలిగానని ఆయన అనుకున్నాడుగానీ అది సిగ్గు అంటుంది మా అమ్మ.

మూడో రోజు ఆయన పని నుంచి పెందలాడే వచ్చి, వంటింట్లోకి వెళ్ళి, "ఉప్పు డబ్బా ఎక్కడ?" అని కేకేశాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ ప్రశ్న అదే మొదటిసారట. బంగాళాదుంపలు వేయించాడు. సగం ఉడికాయి, సగం ఉడకలేదు. కొడుకులిద్దర్నీ పిలిచి, కంచాలు వాళ్ళచేతే పెట్టించి, పెద్దమ్మను ముందు కూర్చోబెట్టాడు.

"ఎలా ఉంది?"

"పచ్చిగా ఉంది. మీరూ కూర్చోండి, తర్వాత నేర్పిస్తాను."

నేర్పించింది కూడా. చిన్నకొడుకుకు చెయ్యి తొందరగా తిరిగింది, పెద్దవాడిది ఇప్పటికీ అంతంతమాత్రమే. పెద్దమ్మ షెడ్డుకు వెళ్తోంది. ఇంట్లో వంట వంతులవారీగా నడుస్తోంది. బుధవారం, శనివారం మాత్రం పొయ్యి వెలగదు, స్కూటరు బయల్దేరుతుంది.

పోయిన శనివారం గూడ్సు యార్డు దగ్గర కొత్తగా తెరిచిన ఒక చోటికి నన్నూ రమ్మన్నారు. బల్ల దొరకడానికి అరగంట పట్టింది. పెద్దనాన్న ఒకటే సణుగుడు. పెద్దమ్మ మాత్రం పక్క బల్ల వాళ్ళ కంచాల్లోకి తొంగిచూస్తూ, "ఏమమ్మా, అది బాగుందా? మేమూ చెప్పమంటావా?" అని అడుగుతోంది.