చంద్రశేఖరం గారి రోజువారీ దిష్టి

విజయనగరం కొలిమివీధిలో చంద్రశేఖరం గారి ఇల్లంత శుభ్రమైన ఇల్లు ఇంకొకటి లేదు. గేటు దగ్గరే చెప్పులు విడవాలి. కుళాయి కింద కాళ్ళు కడుక్కోవాలి. గోనెపట్టా మీద తుడుచుకున్నాక గానీ వరండా ఎక్కకూడదు. ఆ గచ్చు ఎంత నున్నగా ఉంటుందంటే, ఒకసారి గోడ మీంచి పడ్డ బల్లి గుమ్మం దగ్గర మొదలై గేటు దాకా జారుకుంటూ పోయి, సిగ్గుపడి ఎదురుగా ఉన్న మా ఇంటికి కాపురం మార్చేసింది. ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. కావలసిన వారు వచ్చి చూసుకోవచ్చు.

ఆ శుభ్రతకు రహస్యం ఒక్కటే. ఇంట్లో పుట్టిన చెత్త ఇంట్లో ఉండకూడదు, వీధిలో ఉండాలి. చంద్రశేఖరం గారికి చిన్నప్పటి నుంచీ ప్రపంచం రెండు ముక్కలు. గుమ్మానికి ఇటున్నది తనది, అటున్నది ఎవరిదీ కాదు. ఆయన సొంతూరు కోటబొమ్మాళి పక్కన ఒక పల్లె. కాలేజీ రోజుల్లో పాసింజరు బండిలో కిటికీ పక్కన కూర్చుని, ఇంటి నుంచి తెచ్చుకున్న పనస తొనలు తింటూ పిక్కలు బయటికి విసిరేవారు. ఆ పిక్కలన్నీ మొలిచి, పట్టాల పక్కన చెట్లై, కాయల బరువుకు కొమ్మలు వంగి, ఎండాకాలంలో ఇంజను డ్రైవర్లు చెయ్యి చాచి పళ్ళు కోసుకునేవారు. ఈ సంగతి నేను పదిమందికి చెప్పాను. ఎవరూ నమ్మలేదు. ఆయన మాత్రం కాదనలేదు.

ఉద్యోగంలోనూ ఆయన పద్ధతి అదే. తన బల్ల మీద కాగితం ఉండనిచ్చేవారు కాదు, పక్క బల్ల మీదికి తోసేసేవారు. చంద్రశేఖరం బల్ల అద్దంలా ఉంటుందని మెచ్చుకుని పైవాళ్ళు ఆయన్ని సూపరింటెండెంటును చేశారు. పక్క బల్ల గుమాస్తాకు మాత్రం రిటైరయ్యే దాకా ప్రమోషను రాలేదు. ఒకసారి మేమిద్దరం కుటుంబాలతో శ్రీకూర్మం వెళ్ళాం. దర్శనమయ్యాక పులిహోర తిని, విస్తరాకులు కారు వెనక్కి గిరాటేసి, చేతులు కడుక్కుంటూ చుట్టూ చూసి, "ఛీ! పుణ్యక్షేత్రమన్న జ్ఞానం ఒక్కడికీ లేదండీ" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో కనిపించిన బాధ నిజమైనదే. అదే నాకు ఇప్పటికీ ఆశ్చర్యం.

ఇలా హాయిగా సాగిపోతున్న జీవితానికి ఈమధ్య అడ్డం వచ్చింది. చెత్త చట్టాలను గట్టిగా అమలు చెయ్యాలని పైనుంచి ఉత్తర్వులు దిగాయి. పొద్దున్నే బండి వస్తుంది. తడిచెత్త వేరుగా, పొడిచెత్త వేరుగా దానికే ఇవ్వాలి. రోడ్డు మీద పారేస్తే ఫొటో, ఫొటో వెనకే జరిమానా కాగితం.

మా వీధికి పారిశుద్ధ్యం మేస్త్రీ గ్లోరీ. బాప్టిస్టు చర్చి వెనక పేటలో ముసలి తల్లితో ఉంటుంది. కాంట్రాక్టు పని. ఆ ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఆ పని ఒక్కటే ఆధారం. వీధి మలుపులో ఎవరైనా సంచీ పడేస్తే కర్రతో విప్పి, లోపల కొరియరు కవరో కరెంటు బిల్లో దొరికితే ఆ గుమ్మంలోకి వెళ్ళి నిలబడేది. మొదట టిఫిను హోటలు నరేష్ దొరికాడు. అతని సంచీలో హోటలు పేరు అచ్చేసిన చెట్నీ పొట్లాలే ఉన్నాయి మరి.

ఆ రోజు అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టినవారు చంద్రశేఖరం గారు. "ఇలాంటి వాళ్ళకి తోలు ఒలవాలండీ. సింగపూర్‌లో అయితే బెత్తం తీసుకుని బాదుతారు" అన్నారు. ఆయన సింగపూర్ చూడలేదు. అది సింగపూర్ అదృష్టం. వారం తిరిగేసరికి వీధి స్వచ్ఛ కమిటీకి అధ్యక్షులు కూడా అయిపోయారు. ఎవరూ ఎన్నుకోలేదు. ఫ్లెక్సీ కట్టించి అందులో తన ఫొటో వేయించుకున్నారు, అంతే.

అంతా బాగానే ఉంది. మరి అధ్యక్షుల వారి సొంత చెత్త మాటేమిటి? "ముప్ఫయ్యేళ్ళు ఫైళ్ళు వేరు చేసిన చేత్తో ఇప్పుడు తొక్కలు వేరు చెయ్యమంటారా?" అని నాతోనే అన్నారు. బుట్ట పట్టుకుని బండి దగ్గర అందరితో పాటు నిలబడటం పెద్దరికానికి తక్కువ. పాత పద్ధతిలో మలుపులో పడేద్దామంటే గ్లోరీ కర్ర. ఆలోచించారు. సూపరింటెండెంటు బుర్ర కదా, దారి దొరికింది.

మర్నాడు తెల్లారేసరికి మలుపులో ఆయన సంచీ ఉంది. మూతి మీద కోసిన నిమ్మకాయ, దాని నిండా కుంకుమ, నాలుగు ఎండుమిరపకాయలు, గుప్పెడు ఎర్రన్నం. గ్లోరీ కర్ర ఎత్తింది ఎత్తినట్టే ఆగిపోయింది.

"బాబుగారూ, ఈ సంచీ మీదేనేటి?" అని పక్కనే నిలబడి చూస్తున్న ఆయన్నే అడిగింది.

"దిష్టి అది. మా మనవరాలు ఆశ్రితకి తీసాం. ముట్టుకోకు. ఏటైనా అయితే నాకు సంబంధం లేదు."

"దిష్టి ఇంత లావుంటాదేటి బాబూ?"

"పిల్ల లావుగా ఉంటాది మరి."

బండి తోలే దాలయ్యను ఎత్తమంటే అతను రెండడుగులు వెనక్కి వేశాడు. "నాను ముట్టను తల్లీ. మా మేనత్త కొడుకు దిష్టి నిమ్మకాయ తొక్కేస్తే మూతి వంకరైపోనాది."

"ఆడి మూతి ముందు నుంచీ వంకరే గదేటి?"

"ఇప్పుడు రెండో పక్కకి తిరిగిపోనాది!"

గ్లోరీకీ ధైర్యం చాలలేదు. "మా పాస్టరుగారు దిష్టి లేదంటారు, మాయమ్మ ఉన్నాదంటాది. పాస్టరుగారు ఆదివారమే కనిపిస్తారు. మాయమ్మతో రోజూ ఏగాల" అని కర్ర దించేసింది. కాంట్రాక్టరుకు ఫోను చేస్తే, నమ్మకాల జోలికి పోవద్దన్నాడు.

తర్వాత రోజూ అదే వరస. తెల్లారేసరికి, భార్య లక్ష్మీకామేశ్వరి గారు స్నానానికి వెళ్ళిన వేళ చూసుకుని, చంద్రశేఖరం గారు సంచీతో బయలుదేరేవారు. ఆవిడ వాకింగనుకునేది. సంచీ దించి, వెనక్కి తిరిగి చూడకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి వచ్చి గేటు దగ్గర కాళ్ళు కడుక్కునేవారు. దిష్టి పారేసినవారు పాటించవలసిన నియమాలన్నీ తు.చ. తప్పకుండా పాటించేవారు. చూసినవారు నమ్మాలని మొదలుపెట్టారు గానీ, రోజూ చేసి చేసి ఆ భయం ఆయనకే పట్టుకుంది. ఒకనాడు వెనక కుక్క మొరిగితే, తిరిగి చూడలేక, మెడ బిగపట్టి పరుగు లాంటి నడక నడిచారు.

పెద్దలు చూపిన దారి వీధికి నచ్చింది. పదిరోజుల్లో మలుపు నిండా నిమ్మకాయ పెట్టిన సంచీలే. బజారులో నిమ్మకాయలు దొరక్క మా ఇంట్లో పులిహోర చింతపండుకు మారింది. ఆవులు కూడా ఆ కుప్పను చూసి అటు పక్క నుంచి తప్పుకుపోయేవి. అందులో ఒకటి దండం పెట్టిందని కూడా చెబుదును గానీ, వద్దు లెండి.

అప్పుడు అధ్యక్షుల వారికి కోపం వచ్చింది. స్వయంగా కాంట్రాక్టరుకు ఫోను చేసి, "మా మలుపు చూసారా? ఆ గ్లోరీ పనే చెయ్యడం లేదు" అని ఫిర్యాదు చేశారు. కాంట్రాక్టరు గ్లోరీకి తేల్చి చెప్పేశాడు. శనివారం పెద్దాఫీసరు చూడటానికి వస్తారు. అప్పటికి కుప్ప ఉంటే ఆమె ఉండదు.

గురువారం సాయంత్రం గ్లోరీ మా అరుగు మీద కూలబడి మంచినీళ్ళు అడిగింది.

"తాతగారూ, ఆ పాపకి రోజూ దిష్టేటి?"

"ఆ పిల్ల బెంగుళూరులో చదువుకుంటోంది. దసరాకి వచ్చి వెళ్ళిపోయింది."

"మరి ఆ మాట నలుగురిలో సెప్పరేటి?"

"చెప్పాను. ఈ వీధిలో నా మాట ఎవరు నమ్ముతారే? వాళ్ళింటి బల్లి మా ఇంటికి వచ్చిందన్నా నమ్మలేదు."

ఆమె నవ్వలేదు. గ్లాసు పట్టుకుని మలుపు వైపు చూసింది. "దిష్టి పారేసినోలు ఎనక్కి సూడకూడదు గదా?"

"చూడకూడదు. చూస్తే అది మళ్ళీ వచ్చి అంటుకుంటుందంటారు."

"మాటాడకూడదు?"

"కాళ్ళు కడుక్కునే దాకా నోరు విప్పకూడదు."

"దిష్టయితే ఆలింటిదే, సెత్తయితే ఆలింటిదే. నాదైతే కాదు గదా" అని గ్లాసు బోర్లించి లేచింది.

శుక్రవారం తెల్లవారింది. చంద్రశేఖరం గారు సంచీ దించి ఇంటిముఖం పట్టారు. మలుపు చాటు నుంచి గ్లోరీ వచ్చింది. ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. ప్రార్థించిందో, తల్లిని తలుచుకుందో తెలియదు. సంచీ ఎత్తి నెత్తిన పెట్టుకుని, ఆయన వెనకే నడవడం మొదలుపెట్టింది.

ఆయనకు అడుగుల చప్పుడు వినిపించింది. తిరగలేరు. నరేష్ హోటలు బయటికి వచ్చి, "ఒరే, దిష్టి తిరిగొచ్చేస్తన్నాది రండ్రా!" అని కేకేశాడు. తిరగలేరు. అట్లకాడతో సహా అతనూ వెనక చేరాడు. ఆ వెనక దాలయ్య, పాలవాళ్ళు, బ్రష్షు నోట్లో పెట్టుకున్నవాళ్ళు. చివరికి నేను కూడా కర్ర ఊపుకుంటూ కలిశాను. మా ఊళ్ళో ఇంత భక్తిగా ఊరేగింపు సాగిన పండగ నాకు గుర్తు లేదు. ముందు నడిచేవాడికి మాత్రం వెనకేం జరుగుతోందో తెలియదు. మెడ మీద చెమట, చెవులు ఎరుపు.

"అధ్యక్షులుగారూ, ఏటి మాటాడరేటి?" అన్నాడు నరేష్.

పలకలేదు. గేటు తోసి, కుళాయి కింద కాళ్ళు కడుక్కుని, గుండెల నిండా ఊపిరి పీల్చుకుని అప్పుడు తిరిగారు. సరిగ్గా అదే సమయానికి గ్లోరీ మెట్లెక్కి, అద్దంలాంటి ఆ వరండా మధ్యలో సంచీ దించింది. నిమ్మకాయ దొర్లుకుంటూ పోయి, స్నానం చేసి వస్తున్న లక్ష్మీకామేశ్వరి గారి కాళ్ళ దగ్గర ఆగింది.

ఆవిడ పెట్టిన కేకకు మా బల్లి కూడా ఉలిక్కిపడింది. "ఏటండీ ఇది? ఎవరి దిష్టి ఇది?"

"ఆశ్రితమ్మదంట తల్లీ. బాబుగారు రోజూ తీసి పారేస్తన్నారు. ఇయ్యాల మీ ఇంటికే వచ్చీసినాది" అంది గ్లోరీ వినయంగా.

"నా తల్లే! నిన్ననే తలనొప్పని ఫోను చేసింది. ఇదా కారణం! పారేసిన దిష్టి ఇంటికి తిరిగొస్తే ఇంకేటైనా ఉందా? ఏమండీ, పదండి, ఇప్పుడే తిరుపతి బండెక్కుదాం. మీరు గుండు చేయించుకుంటే గానీ ఇది పోదు."

చంద్రశేఖరం గారి చెయ్యి తల మీదికి పోయింది. నెలకు రెండుసార్లు నల్లరంగు వేసి, గాలికి కదలకుండా పెంచుకున్న జుట్టు అది. ఒక పక్క జుట్టు, ఒక పక్క అధ్యక్ష పదవి. గేటు నిండా జనం.

"దిష్టి కాదే..." అన్నారు మెల్లగా.

"మరేటి?"

"చెత్త."

"గట్టిగా సెప్పండి బాబూ, దాలయ్యకి సరిగా ఇనబడదు" అంది గ్లోరీ.

"చెత్తే! అరిటి తొక్కలూ, పాత చీపురూనూ! ఉత్త చెత్త!"

"ఇన్నావా దాలయ్యా? ఉత్త సెత్తంట. బండిలోకెత్తు" అంది. ఫోను తీసి, సంచీ పక్కన ఆయన్ని నిలబెట్టి ఫొటో కొట్టింది. ఫొటో అనగానే ఆయన చెయ్యి అలవాటుగా జుట్టు సర్దుకుంది.

పెద్దల దిష్టే చెత్తని తేలాక మిగతా నిమ్మకాయలకు ఎవరు భయపడతారు? దాలయ్య నాలుగు బళ్ళు ఎత్తాడు. సాయంత్రానికి మలుపులో కింద రోడ్డుందని తెలిసింది. జరిమానా కాగితాలు చాలా ఇళ్ళకు వచ్చాయి.

శనివారం పెద్దాఫీసరు వచ్చారు. ఫ్లెక్సీ కింద చంద్రశేఖరం గారు ఇస్త్రీ చొక్కాతో నిలబడి, శాలువా కప్పించుకుని, ప్రజల్లో చైతన్యం తేవడానికి తాను పడ్డ శ్రమ గురించి చాలాసేపు మాట్లాడారు. సిగ్గు అనేది కూడా ఆయన ఎప్పుడో గుమ్మం బయట పారేసి ఉంటారు. జనం నవ్వు ఆపుకోలేక దగ్గారు. ఆఫీసరు, ఈ వీధిలో దగ్గు ఎక్కువగా ఉందే అన్నారు.

కాంట్రాక్టరు గ్లోరీని పక్కకు పిలిచాడు. ఆమె పని నిలిచింది. బాగా చేసినందుకు పక్క వీధి కుప్ప కూడా ఆమెకే అప్పగించాడు. జీతం అదే.

"సరే బాబూ" అంది గ్లోరీ, చీపురు సంకన పెట్టుకుంటూ. "ఆ యీదికి అధ్యక్షుడెవరో ముందు సెప్పండి. ఆరి గేటు కాడి నుంచే మొదలెడతాను."