గోడ మీద అరచెయ్యి

రెండు వేసవుల పాటు నా డైరీలో ప్రతి రోజూ ఒక అంకె ఉంటుంది. దీపాలు పెట్టే వేళకు మా ఆదోని ఇంట్లో నా మంచం పక్కనున్న గోడకు అరచెయ్యి ఆనించి, ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేదాన్ని. ఎంతసేపు తీయకుండా ఓర్చుకోగలిగితే అదే ఆ రోజు అంకె. ఉగాదికి నలభై దాకా ఉండేది. మే నెలకు పన్నెండు. ఒక్కోరోజు తొమ్మిది. అడిగితే నాన్న థర్మామీటరు కొనిచ్చేవాడే. కానీ ఎందుకని అడుగుతాడు. నాకు చెప్పడం కంటే లెక్కపెట్టుకోవడం తేలిక.

ఎమ్మిగనూరులో చిన్నాయన ఇంటి గోడ దగ్గర మాత్రం నా లెక్క పనిచేసేది కాదు. వంద దాటినా చెయ్యి హాయిగానే ఉండేది. ఒకసారి నేనలా నిలబడి ఉంటే చిన్నాయన కూతురు చూసి పకపకా నవ్వింది.

"ఏందక్కా, మా గోడకు ఆశీర్వాదం ఇస్తాండావా?"

వాళ్ళది పాత మట్టిమిద్దె. మోచెయ్యంత మందం గోడలు, దూలాల మీద కట్టెలు, ఆకు, మన్ను, అన్నిటికంటే పైన నీళ్ళు దిగనివ్వని చౌడుమన్ను. ఏటా వానలకు ముందు కొత్త చౌడు తోలించి పరిచేవాళ్ళు. నడింట్లో కప్పుకు ఒక గవాచి, అంటే గాలీ వెలుతురూ దిగే కంత. మాకూ ఒకప్పుడు అలాంటి మిద్దే ఉండేది. నేను ఐదో తరగతిలో ఉండగా, పత్తి వ్యాపారం కలిసొచ్చిన ఏడు, నాన్న దాన్ని పడగొట్టించి స్లాబు వేయించాడు. వీధిలో అందరూ అదే చేశారు. ఇప్పుడు మా వీధికి ఆ చివర నుంచి ఈ చివర దాకా సిమెంటే. రోడ్డు వెడల్పు చేసినప్పుడు వేపచెట్లూ పోయాయి. పగలంతా తాగిన ఎండను ఇళ్ళన్నీ పొద్దుగూకాక మా మీదికి వదులుతాయి.

వాళ్ళ చల్లదనం చూసి నాకు కుళ్ళు. కానీ అసలు కుళ్ళు అవ్వ గురించి.

అవ్వ నాన్నకూ చిన్నాయనకూ తల్లి. వానలు పడినప్పటి నుంచి ఉగాది దాకా మా దగ్గర, నా గదిలో. నేను గ్రంథాలయం నుంచి తెచ్చిన పుస్తకాలు ఆమెకే పైకి చదివి వినిపించేదాన్ని. ఇంకెవరి ముందూ నాకు గొంతు పెగలదు. ఎండలు ముదిరితే చాలు, చాపా తమలపాకుల సంచీ సర్దుకొని ఎమ్మిగనూరు బస్సెక్కేది. "ఈ పొయ్యిలో నేనుండలేను తల్లీ," అనేది.

ఒక మే నెలలో నేను వెళ్ళేసరికి అవ్వ గవాచి కింద పడుకొని ఉంది. తల నా చెల్లెలి ఒళ్ళో, అదే చిన్నాయన కూతురి ఒళ్ళో. చెల్లెలు ఆమె జుట్టు పాయలు తీస్తూ ఏదో చెబుతుంటే అవ్వ కడుపు పట్టుకొని నవ్వుతోంది. నేను చదివేటప్పుడు అవ్వ ఊఁ కొడుతుంది, మధ్యలో నిద్రపోతుంది. అలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు డైరీలో అంకె రాయలేదు. "దానికి అన్నీ ఉన్నాయి" అని మాత్రం రాసుకున్నాను.

ఆ ఏడు దీపావళి అయ్యాక చిన్నాయన మా ఇంటికి వచ్చాడు.

"వానకు మిద్దె మూడు చోట్ల కారిందన్నా. చౌడు తోలేటోళ్ళు లేరు, పరిచేదానికి తెలిసినోళ్ళు అంతకంటే లేరు. స్లాబు ఏద్దామనుకుంటాండా."

"ఏసెయ్‌రా," అన్నాడు నాన్న. "ఇంకా ఎన్నాళ్ళు నెత్తిన మన్ను పెట్టుకొని ఉంటావు?"

చిన్నాయన తృప్తి పడలేదు. గుమ్మం వెనకున్న నన్ను పిలిచాడు. "ఇట్లా రామ్మా. సదువుకున్నదానివి, అన్నీ పుస్తకంలో రాసి పెట్టుకుంటావంట గదా. ఎండాకాలం స్లాబు కింద ఎట్లుంటాదో నువ్వు సెప్పు."

డైరీ నా చేతికందే దూరంలోనే ఉంది. తొమ్మిదులు, పన్నెండులు అన్నీ అందులో ఉన్నాయి. ఇంట్లో నా మాట ఎవరైనా అడిగింది అదే మొదటిసారి. ఆ మిద్దె ఒక్కటి లేకపోతే అవ్వకు ఎమ్మిగనూరు పోవాల్సిన పనే ఉండదని నాకు తోచింది కూడా అప్పుడే.

"బాగుంటుంది చిన్నాయనా," అన్నాను. "ఫ్యాను వేసుకుంటే ఏం తెలీదు."

ఉగాదికల్లా ఎమ్మిగనూరులో స్లాబు పడింది. అవ్వ చాప సర్దుకోలేదు. "రెండిండ్లూ ఒకటే అయిపాయ. ఇంగ యాడికి పోయేది?" అని నా గదిలోనే ఉండిపోయింది.

మొదటి రెండు వారాలు నేనెంత సంతోషపడ్డానో రాసుకున్న పేజీలు ఇప్పుడు తిరగేయలేను. ఆ తర్వాత ఎండలు ముదిరాయి. అవ్వ వీపంతా చెమటకాయలు పేలాయి. అన్నం సగంలో వదిలేసేది. తడిపిన చీర కప్పుకొని నేల మీద పడుకునేది, అది పావుగంటలో ఆరిపోయేది. పుస్తకం తెరిస్తే "ఇప్పుడొద్దులే" అనేది. ఒక మధ్యాహ్నం వంటింటి గడప దగ్గర కళ్ళు తిరిగి కూలబడింది. డాక్టరు సెలైను పెట్టి, చల్లగా ఉన్న చోట ఉంచమన్నాడు. నాన్న నన్ను చూశాడు, నేను గోడను చూశాను. చల్లగా ఉండే చోటు ఏమైందో నాకు తెలుసు.

మరునాడు చెల్లెలు పరుగెత్తుకొచ్చింది. దానికి మజ్జిగ తేవడానికి లోపలికి వెళ్ళి తిరిగొచ్చేసరికి నా మంచం మీద కూర్చొని ఉంది. దిండు కింద ఉండాల్సిన డైరీ దాని చేతుల్లో ఉంది. చిన్నాయన వచ్చిన రోజు పేజీ. "చిన్నాయన అడిగాడు. బాగుంటుందన్నాను. అంకెలు చూపించలేదు. ఇక అవ్వ ఇక్కడే."

"ఇది మా నాయన వచ్చిన దినం గదా అక్కా?"

 మజ్జిగ గ్లాసు పట్టుకొని గుమ్మంలోనే నిలబడ్డాను.

"నాకూ నీ మీద కుళ్ళేలే," అంది వెనక పేజీలు కూడా తిప్పి చూసి. "మీ స్లాబిల్లు సూసి స్లాబు ఏపించమని మా నాయన్ను పోరింది నేనే. మా మిద్దెలో తేళ్ళు పడతాయని ఫ్రెండ్సు ఎగతాళి సేసేటోళ్ళు. అయినా నువ్వు ఒక్క మాట సెప్పింటే మా నాయన ఆగిపోయేటోడు. నా మాట ఇనడు, నీ మాటంటే గురి."

పక్క మంచం మీద నుంచి అవ్వ కళ్ళు తెరవకుండానే అంది: "ఏందే గుసగుసలు? నా మీదనేనా?"

"నీ మీద కాదులే, ఎండ మీద," అంది చెల్లెలు.

"ఎండకేం, దానికి అడ్డం ఏదన్నా పెడితే పోతాది. మేం చేన్లో గుడిసె మీద పత్తికట్టె పరిసేటోళ్ళం. ఎండ ఆ కట్టె మీదనే కూకుంటాది, లోపలికి దిగదు."

కప్పుకు తెల్లగా సున్నం కొడితే ఎండ తిరిగిపోతుందని నేను పేపర్లో చదివి ఉన్నాను. అదీ ఇదీ కలిపాం. పత్తి తీసేశాక చేలల్లో మిగిలే కట్టె ఎండాకాలంలో హొళగుంద వైపు నుంచి పొయ్యిలకని ట్రాక్టర్లలో వస్తుంది. రెండిళ్ళకూ ఒక్కో లోడు చెప్పాం. సున్నంలో ఉప్పూ జిగురూ కలిపి మా స్లాబు మీద నేనే రెండు పూతలు పూశాను. అమ్మ మెట్ల మీద నిలబడి ఒకటే గొడవ.

"వడియాలు యాడ ఎండబెట్టల్ల? నీ నెత్తినా? నిప్పురవ్వ పడితే ఎవురు ఆర్పుతారు?"

నిప్పు భయానికి నీళ్ళ డ్రమ్ము ఒకటి పైకి ఎక్కించాం. కానీ నేను ఒక పొరపాటు చేశాను. కట్టె కింద గాలి ఆడేలా గుంజలు నాటి, వాటి మీద పరచాలని అవ్వ చెప్పింది. దానికి వీధి చివర పందిళ్ళు వేసేవాళ్ళను పిలవాలి. మూడు రోజులు వాళ్ళ గుమ్మం దాకా పోయి, అడగలేక వెనక్కి వచ్చాను. చివరికి కట్టెను స్లాబు మీదే పరిచేశాను. చెల్లెలు మాత్రం వాళ్ళ వీధిలో మగ్గాల వాళ్ళందరినీ అన్నా అన్నా అని పిలుచుకొచ్చి, నడుమెత్తున పందిరి వేయించి, పైన రెండు వరుసలు పరిపించింది. ఇరుగుపొరుగు వాళ్ళు చూసిపోయి మా స్లాబులకూ వేద్దామంటున్నారని ఫోనులో చెప్పింది. నాకు ఒళ్ళు మండింది. సున్నం సంగతి దానికి చెప్పింది నేను.

వారం తర్వాత ఎమ్మిగనూరు వెళ్ళి వాళ్ళ గోడకు చెయ్యి ఆనించాను. డెబ్భై. పాత మిద్దె వంద కాదు, అయినా డెబ్భై. ఆ ముందు రోజు మా ఇంట్లో ముప్పై ఐదు.

తిరిగొచ్చేసరికి అవ్వ లేచి కూర్చొని ఉంది. కాస్త తేరుకుంది. చెల్లెలు పొద్దున ఫోను చేసి ఎమ్మిగనూరు రమ్మని పిలిచిందట.

"యాడ సల్లగుందే?" అని అడిగింది. "నువ్వు రెండు సోట్లా సెయ్యి పెట్టి సూసినావు గదా. నువ్వు సెప్పినట్లే సేస్తా."

ఆమె చేతిలో నా పుస్తకం ఉంది. మేం ఆపిన చోట తమలపాకు కాడ పెట్టి ఉంది. ఇంకా సగం మిగిలింది.

"అక్కడే, అవ్వా," అన్నాను. "మాకంటే రెండింతలు."

"అబద్ధం కాదు గదా?"

నన్ను తేరిపార చూస్తోంది. ఆ రోజు గుసగుసల్లో ఎంత విన్నదో నేనడగలేదు.

"కాదు."

మరుసటి పొద్దున బస్టాండులో ఆమెను కిటికీ పక్కన కూర్చోబెట్టాను. పుస్తకం సంచిలో పెట్టబోతే వద్దంది. "దానికి నీ మాదిరి సదివి ఇనిపించడం రాదులే. వానలకు వస్తా గదా, నువ్వే సదువు."

ఆ ఒక్క మాటను ఇంటిదాకా పట్టుకొచ్చాను. సాయంత్రానికి చెల్లెలి ఫోను. వెనక నుంచి అవ్వ నవ్వు వినిపిస్తోంది, కడుపు పట్టుకొని నవ్వే నవ్వు. ఫోను పెట్టేసి, వీధి చివరికి వెళ్ళి, పందిళ్ళ వాళ్ళ తలుపు తట్టాను.